ఉప్పు తిన్న చెట్టు

గదిలో ఎనిమిది మంచాలు,
పైనొకటి, కిందొకటి.
స్నానాల గది తలుపు వెనక కూడా
ఎవడో ఒకడు "అయిందా" అంటూనే ఉంటాడు.
నాలుగేళ్ళలో నేను ఒక్కణ్ణే ఉన్నది
మెడికల్లో ఎక్స్‌రే తీసినప్పుడు, అంతే.
అప్పుడూ ఊపిరి బిగబట్టమన్నారు.

ఈ శుక్రవారం ఎవరికీ చెప్పలేదు.
తెల్లారకముందే లేచి
చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి
అల్ ఖోర్ బస్సెక్కాను.
అక్కణ్ణించి ఒక నేపాలీ కుర్రాడి పికప్‌లో,
ఉల్లిపాయల బస్తా ఒళ్ళో పెట్టుకుని,
దఖీరా దాకా.

మడ అడవి ఉందంటే నమ్మలేదు.
ఎడారిలో మడేంటి?
కోరంగి పాయల్లో మా మావయ్య పడవ వెనక కూర్చుని
పీతల బుట్టలు మోసినవాణ్ణి,
నాకు చెప్తారా మడ గురించి.
తీరా చూస్తే అదే ఆకు,
పైన పచ్చ, కింద బూడిద.
అదే బురద వాసన, మురిగిన గుడ్డులాంటిది,
ముక్కుకి తగలగానే మోకాళ్ళు వదులయ్యాయి.
చెట్లు మాత్రం పొట్టివి.
నా భుజం దాకా వచ్చి ఆగిపోయాయి,
ఇంతకన్నా పెరగడానికి
పర్మిషన్ లేనట్టు.

పాటు వేళ. నీళ్ళు తీసేశాయి.
బురదలోంచి వేలకొద్దీ వేళ్ళు,
చెక్కి నిలబెట్టిన పెన్సిళ్ళలా,
ఆకాశం కేసి.
చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే అనేవాడు మావయ్య,
కాళ్ళు మునిగినవాడు ముక్కు పైకి పెట్టుకోవాలి గదరా.

కూర్చున్నాను.
మొదటి గంటంతా క్యాంపే మాట్లాడింది నా లోపల:
ఓవర్‌టైం లెక్క, చీటీ పాట,
గ్యాస్ సిలిండర్ ఈసారి ఎవరి వంతు.
తర్వాత అది అలిసిపోయింది.
ఒంటికాలి మీదున్న తెల్ల కొంగ
నన్ను చెట్టు కింద జమకట్టింది.
పీతలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.
లింబాద్రి కూడా వచ్చాడు.

మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు.
చచ్చిపోలేదు. తుంటి విరిగింది,
స్ట్రెచర్ మీదే జగిత్యాల వెళ్ళిపోయాడు.
బెల్టు కొక్కెం అరిగిందని
రెండుసార్లు నాకు చూపించాడు.
పదిమంది మీద ఫోర్‌మన్ని నేను.
రేపు మారుస్తాలే అన్నాను, రెండుసార్లూ.
తర్వాత ఏసీ ఆఫీసులో, చల్లటి పెన్నుతో,
బెల్టు బాగానే ఉంది, అతనే తగిలించుకోలేదు
అన్న కాగితం కింద సంతకం పెట్టాను.
దాంతో అతనికి రావల్సింది ఎంత తెగ్గోశారో
ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.
కంపెనీ ఉప్పు తిన్నాను కదా అనుకున్నాను.

ఒక ఆకు తుంపి నాకాను.
ఉప్పు.
చిన్నప్పుడు పందెం కాసి నాకేవాళ్ళం.
ఈ చెట్టు తాగేదంతా ఉప్పునీళ్ళే,
కానీ దాచుకోదు,
ఆకు మీదికి తెచ్చి ఎండలో పెడుతుంది,
ఎవరు చూసినా సరే.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు.
తాగుతూనే ఉన్నాను ఆర్నెల్లుగా.

"కొక్కెం అరిగింది" అన్నాను పైకే.
పీతలన్నీ ఒక్కసారి బొరియల్లోకి పోయాయి.
కొంగ కదల్లేదు.
ఇంకోసారి అన్నాను, కాస్త గట్టిగా,
"నాకు తెలుసు."
నా గొంతు అలా ఉంటుందని మర్చిపోయాను,
క్యాంపులో ఎప్పుడూ ఫ్యాను మీద అరిచి మాట్లాడతాం.

పోటు వచ్చేసింది, చడీచప్పుడు లేకుండా.
చీలమండ, పిక్క, మోకాలు.
ప్యాంటు మడుచుకుని ఒడ్డెక్కేసరికి
పెన్సిళ్ళన్నీ మునిగిపోయాయి.

బస్టాపులో సిగ్నల్ వచ్చింది.
లింబాద్రి నంబరు నొక్కితే
వాడుకలో లేదని అరబ్బీలో ఒకామె,
మళ్ళీ ఇంగ్లీషులో అదే మాట.
ఇక్కడి సిమ్ అది. ఊరి నంబరు నా దగ్గర లేదు.
నా కింది మంచం గంగనర్సు దగ్గరుంటుంది.
అడిగితే ఎందుకంటాడు.
మిగతా ఆరుగురూ వింటారు.

ప్యాంటు అంచున ఉప్పు ఆరి తెల్లగా గీత కట్టింది.
దులపలేదు.
బస్సు ఇంకా రాలేదు.